ఆయమ్మ మడిచిన పొట్లం

మొన్న ఫార్మసీ చదివే పిల్లలు నలుగురు కోరుట్లలో మా ఇంటికి వచ్చారు. నేను ఒకప్పుడు వినియోగదారుల సంఘంలో తిరిగానని ఎవరో చెప్పారట. "అంకుల్, మందుల మీద మీరు గెలిచిన కేసులు చెప్పుండ్రి, ప్రాజెక్టుల రాసుకుంటం" అన్నారు. చెప్పాను. తేదీ దాటిన సీసాలు అమ్మిన దుకాణం సంగతి, రసీదు ఇవ్వనని మొండికేసిన ఇంకో దుకాణం సంగతి, రెండూ కొంచెం ఉప్పూకారం దట్టించి చెప్పాను. పిల్లలు శ్రద్ధగా రాసుకుని, చాయ్ తాగి వెళ్లిపోయారు. వాళ్లు గేటు దాటాక మా ఆవిడ అడిగింది, "మరి ఆయమ్మ ముచ్చట ఎందుకు చెప్పలె?" అని. అందుకే ఇది రాస్తున్నాను. పిల్లలూ, మీరు అడిగింది గెలిచిన కేసులు. ఇది ఓడిపోయిన కేసు, ఓడగొట్టింది నేనే.

నేను ఆయుర్వేద దవాఖానలో కంపౌండర్‌ని. కాగితాల మీద ఫార్మసిస్టు అని ఉన్నా ఆ మాట ఎవరూ వాడేవారు కాదు. మొదట జగిత్యాల దగ్గర సారంగాపూర్ వైపు చేశాను. అక్కడి రోగుల్లో సగం మంది గల్ఫ్‌కు పోయేవాళ్లో, పోయి వచ్చినవాళ్లో, పోయినవాళ్ల పెళ్లాలో. దుబాయ్ పోయేవాడు మామిడికాయ తొక్కు సీసా పక్కన మా త్రిఫల చూర్ణం డబ్బా సర్దుకుని మరీ పోయేవాడు. తర్వాత సిరిసిల్లకు బదిలీ అయింది. అక్కడివాళ్లు మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండికి పోయేవారు. ఊరు మారింది గానీ గడపల్లో కూర్చున్న ఆడవాళ్ల ఎదురుచూపు మారలేదు. నేనూ తక్కువేం తినలేదు. ఇల్లు కోరుట్లలో, నేను సిరిసిల్లలో కిరాయి గదిలో. శనివారం మధ్యాహ్నం బస్సు కోసం సోమవారం నుంచే ఎదురుచూసేవాణ్ని.

మా దవాఖాన నేతవాళ్ల వాడలో రెండు గదుల పాత ఇల్లు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. పొద్దున ఆ సాంచెల చప్పుడు మొదలైతే మేం ఒకరితో ఒకరం అరిచి మాట్లాడుకోవాల్సి వచ్చేది. నేను వెళ్లిన కొత్తలో ఆ చప్పుడు భరించలేకపోయాను. తర్వాత కొన్నేళ్లకు గిరాకీ పడిపోయి, ఒక్కో షెడ్డూ మూతపడి, వాడ నిశ్శబ్దమవుతూ వచ్చినప్పుడు ఆ చప్పుడు కోసమే చెవులు వెతుక్కున్నాయి. షెడ్డు మూతపడ్డ ప్రతిసారీ భీవండి బస్సుకు నలుగురు మనుషులు పెరిగేవారు.

దవాఖానలో మేం ముగ్గురం. డాక్టరమ్మకు రెండు దవాఖానల బాధ్యత, అందుకని మాకు వారానికి మూడు రోజులే దొరికేది. రెండోవాణ్ని నేను. మూడో మనిషి ఊడ్చేది, తుడిచేది, మందులు దంచేది, రోగుల వరుస సరిచేసేది. వాడంతా ఆమెను ఆయమ్మ అనేది. నాకంటే అయిదారేళ్లు పెద్ద, నేను అక్కా అని పిలిచేవాణ్ని. ఆమె నన్ను సారూ అనేది. డాక్టరమ్మ లేని రోజుల్లో మందులు నేనే ఇచ్చేసేవాణ్ని. అది నియమం కాదు. అయినా వచ్చిన మనిషిని ఖాళీ చేతుల్తో పంపడం మా ఇద్దరికీ చేతనయ్యేది కాదు.

చూర్ణాలు మాకు పెద్ద డబ్బాల్లో వచ్చేవి. వాటిని చెంచాతో కొలిచి కాగితంలో పొట్లం కట్టివ్వాలి. నేను కడితే రోగి ఇల్లు చేరేలోగా సగం జేబులో ఒలికేది. ఆయమ్మ కట్టిన పొట్లం బస్సులో వేములవాడ దాకా పోయినా చెక్కుచెదరదు. పిల్లలు రాసి పారేసిన నోటుబుక్కు కాగితాలు తెచ్చి, సమంగా చింపి, మూడు మడతలు వేసి, అంచులు లోపలికి దోపి, చివరికి ఒక చిన్న కొస మాత్రం బయటికి వదిలేది. ఆ కొస పట్టుకుని లాగితే పొట్లం దానంతటదే విచ్చుకుంటుంది. ముసలివాళ్లు కూడా అవస్థ పడేవారు కాదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే నవ్వింది.

"సిన్నప్పుడు కండెలు సుట్టేదాన్ని సారూ. కండె ఎంత మంచిగ సుట్టినా దారం కొస బయటికి కనవడాలె. కొస దొర్కకుంటె నేసెటోడు ఆగమైతడు. మందు గూడ గంతే గదా" అంది.

ఆమె భర్త భీవండిలో సాంచెల మీద పనిచేసేవాడు. పిల్లలు లేరు. ఆయనకు చదవడం రాయడం వచ్చు, ఆమెకు రాదు. కాబట్టి ఆయన ఉత్తరం వస్తే చదివిపెట్టడం, జవాబు రాయడం నా పని. మధ్యాహ్నం రోగులు తగ్గాక, రోలు పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని చెప్పేది.

"రాయి సారూ. మోకాళ్లు గుంజుతున్నయని రాయి." నేను రాయబోతే, "ఒద్దొద్దు, గది రాయకు, పరేషానైతడు. పానం మంచిగున్నదని రాయి" అనేది. నేను కొట్టేసి అదే రాసేవాణ్ని. కాసేపాగి, "అయినా రాయి. నొస్తున్నయని ఎర్క ఉండాలె గదా మనిషికి" అనేది. అలా ఒక ఉత్తరంలో కొట్టివేతలే సగం ఉండేవి. ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు నాకు ఎంత గుర్తొస్తాయో చెప్పలేను. కషాయం వాసన, ఆమె చేతుల్లో కాగితం మడత పడే సవ్వడి, పక్క షెడ్డులో సాంచెలు. నా నౌకరీలో నేను సుఖంగా ఉన్న కాలం అది. అప్పుడు మాత్రం శనివారం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకున్నాను.

మోకాళ్ల సంగతి ఉత్తరంలో చేరిన రెండు నెలలకు, భీవండి నుంచి వచ్చిన ఒక మనిషి చేతికి ఆమె భర్త ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చి పంపాడు. లోపల గోధుమరంగు పొడి. పొద్దున ఒక చెంచా, మాపటికి ఒక చెంచా వేడినీళ్లలో వేసుకొమ్మని చీటీ. అక్కడ సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడేవాళ్లందరూ అదే వాడుతున్నారట. వారం తిరిగేసరికి ఆయమ్మ మా దవాఖాన మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కింది. మేం మూడు నెలలుగా ఇస్తున్న గుగ్గులు మాత్రలకు రాని గుణం వారంలో వచ్చింది. నాకు సంతోషమూ కలిగింది, కడుపు మంటా కలిగింది.

"ఆయన పంపిన మందు సారూ, పని జెయ్యకుంట ఎట్లుంటది" అంది. ముఖం వెలిగిపోయింది. ఆ పొడిని ఆమె ప్లాస్టిక్ కవరులోంచి తీసి, తన పద్ధతిలో చిన్నచిన్న పొట్లాలు కట్టుకుని, రోజుకు రెండు విప్పుకునేది.

మరికొన్నాళ్లకు భీవండిలో పని మానేసి వచ్చిన ఒకాయన మా వాడ మొదట్లోనే చిన్న దుకాణం పెట్టి, మూలికా వైద్యం అని బోర్డు రాయించి, అదే పొడి అమ్మసాగాడు. కవరు మీద పేరు లేదు, తయారుచేసినవాళ్ల ఊరు లేదు, ఏం కలిపారో లేదు. అడిగితే "చెట్ల మందు, ఏం గాదు" అనేవాడు. మా దవాఖాన ముందు వరుస పలచబడింది. ఆయన దుకాణం ముందు పెరిగింది. ఆయమ్మకు కూడా ఇక భీవండి కవరు కోసం చూడాల్సిన పని లేకపోయింది. అట్లా రెండేళ్లు దాటింది.

ఈలోగా నాకు వినియోగదారుల హక్కుల పిచ్చి పట్టింది. ఏదో శిక్షణకు రెండు రోజులు పోయి, సంచి నిండా కరపత్రాలు తెచ్చుకుని, తిరిగొచ్చేసరికి నేను వేరే మనిషినైపోయాను. చాయ్ హోటల్‌లో, బస్టాండులో, చివరికి అత్తగారింట్లో కూడా ఉపన్యాసమే. మందు మీద పేరుండాలి, తేదీ ఉండాలి, లోపల ఏముందో అడిగే హక్కు మనకుంది, రసీదు లేకుండా కొనొద్దు. నేను నోరు తెరిస్తే మా బామ్మర్ది చెప్పులు వేసుకునేవాడు. వాడలో మాత్రం ఒక్క మనిషి నా మాటలన్నీ విన్నది. దవాఖానలో ఉండక తప్పదు గనుక విన్నదేమో అని అప్పుడు అనుకునేవాణ్ని. అది కాదని తర్వాత తెలిసింది.

ఆయమ్మ ముఖం గుండ్రబడుతూ వచ్చింది. బుగ్గలు నిండాయి. "ఒంటికి పట్టింది, మొగడు పంపే పైసలు ఆడ్నే కనవడ్తున్నయి" అని వాడలో ఆడవాళ్లు మేలమాడేవారు. ఆమె సిగ్గుపడేది. ఒకరోజు డాక్టరమ్మ ఆమె ముఖం చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"ఇది ఒంటికి పట్టడం కాదు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలుపుతున్నారేమోనని అనుమానం. నాకు తెలిసిన ల్యాబుకు పంపిద్దాం. ఆ దుకాణం నుంచి ఒక కవరు తెప్పించండి. రిపోర్టు వచ్చేదాకా ఎవరితోనూ అనకండి. వచ్చాక ఏం చేయాలో నేనే చెప్తాను" అంది.

నేనూ ఆయమ్మా కలిసి వెళ్లాం. ఆమె కొన్నది, నేను పక్కనే నిలబడి రసీదు అడిగాను. దుకాణదారు నన్ను చూసి పెద్దగా నవ్వాడు. "చెట్ల మందుకు రసీదేంది సార్? మీ దవాఖానల ఇస్తున్నరా?" అన్నాడు. నిజమే, మేమూ ఇచ్చేవాళ్లం కాదు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

ల్యాబుకు పోయిన పొడి సంగతి తేలడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా డాక్టరమ్మ కాన్పు కోసం సెలవు మీద హైదరాబాద్ పోయింది. ఒక ఉదయం ల్యాబు నుంచి ఆమె పేరు మీద కవరు వచ్చింది. ఆమెకు పంపించాలి. నేను చింపాను. చింపి చూస్తే ఆమె అనుమానమే నిజం. ఇంగ్లిషులో మందు పేరు స్పష్టంగా ఉంది.

ఆ రోజు నా ఆవేశం ఏం చెప్పను. రసీదు అడిగితే నవ్విన ముఖం కళ్ల ముందు ఆడుతోంది. కరపత్రాల సంచి భుజాన వేసుకుని వాడ వాడంతా తిరిగాను. అది చెట్ల మందు కాదు, విషం, ఇవాళ్టి నుంచి ఎవరూ ముట్టొద్దు, ఉన్నది మోరీలో పారబోయండి అని గడప గడపకూ చెప్పాను. మొట్టమొదట చెప్పింది ఆయమ్మకు.

ఆమె పొట్లాల డబ్బా చేతిలో పట్టుకుని నిలబడింది. "సారూ, గిది ఆయన ముందుగల్ల పంపిందే గదా" అంది.

"తెల్వక పంపిండక్కా. నువ్వు తెలిసి తింటవా? ఇయ్యాల్టి సంది ఒక్క చెంచ గూడ ముట్టకు."

"నొప్పులు మల్లొస్తయేమో సారూ."

"వస్తె మన దగ్గర తైలమున్నది. పారబొయ్యి."

ఆమె ఒక్కో పొట్లం కొస లాగి విప్పి, నా కళ్లముందే మోరీలో ఒలకబోసింది. ఆఖరి పొట్లం దగ్గర కాస్త ఆగి, నా వైపు చూసి, అదీ పోసింది. నేను గొప్పగా నిలబడి చూశాను.

పిల్లలూ, నేను ఎందుకు అట్లా చెప్పానో మీకు తెలియాలి. నేను జీవితమంతా ఇచ్చిన మందులు ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగేవి. చూర్ణం వేడి చేసిందా, ఆపెయ్. లేహ్యం రుచించలేదా, మానెయ్. మా కౌంటర్ ముందు ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఎన్నివేల సార్లు చెప్పి ఉంటానో. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ తిన్న ఒళ్లు దాని మీదే ఆధారపడి ఉంటుందని, హఠాత్తుగా ఆపితే కుప్పకూలుతుందని, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలని నాకు తెలియదు. తెలిసిన మనిషి సెలవులో ఉంది. ఏం చేయాలో తను చెప్తానని కూడా చెప్పింది. నేను ఆగలేదు.

మూడోరోజు ఆయమ్మకు వాంతులు పట్టుకున్నాయి. నాలుగోరోజు పనికి రాలేదు. అయిదోరోజు వచ్చింది, రోలు దగ్గర కూర్చుని రోకలి ఎత్తబోయి, అట్లే పక్కకు ఒరిగిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు నేను చెప్పిందంతా విని, సెలైన్ ఎక్కిస్తూ, సూది వేస్తూ కోపంతో ఊగిపోయాడు.

"రెండేళ్లు తిన్న మనిషిని ఒక్కసారే బందు పెట్టుమని ఎవడు చెప్పిండు? వాని మీద కేసు పెట్టాలె. ఇంకో గంటైతే మనిషి దక్కకపోయేది."

నేను మంచం పక్కనే ఉన్నాను. "ఎవరో చెప్పిండ్రట సార్" అన్నాను. ఆయమ్మ కళ్లు మూసుకునే ఉంది. రెప్పలు కదిలాయి. విన్నది.

వాడలో మిగతావాళ్లు ఏమయ్యారని మీరు అడగాలి. ఎవరికీ ఏమీ కాలేదు. నా మాట ఒక్కరూ లెక్కచేయలేదు, మరుసటి రోజు కూడా ఎప్పట్లాగే పొడి వేసుకున్నారు, బతికిపోయారు. నన్ను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

కబురందుకుని ఆమె భర్త భీవండి నుంచి వచ్చాడు. సన్నటి మనిషి, వేళ్ల నిండా నూనె మరకలు. మంచం పక్కన కూర్చుని ఆమె పాదాలు రెండు చేతుల్లో పట్టుకుని, "నేనే సార్. నేనే పంపిన. నా చేతులార పంపిన" అని ఏడ్చాడు. ఓదార్చాను. నువ్వేం చేశావయ్యా, నీకేం తెలుసు అన్నాను. పడిపోవడానికి కారణం నేనని మాత్రం అనలేదు. ఆయన ఆ పాపమంతా తన నెత్తిన వేసుకుంటే నేను వేసుకోనిచ్చాను.

ఆమె లేచి తిరగడానికి రెండు నెలలు పట్టింది. స్టెరాయిడ్ మాత్రలే ఇచ్చి, వాటిని మెల్లగా తగ్గించుకుంటూ రావాలని పెద్ద దవాఖానలో చీటీ రాసిచ్చారు. ఆ చీటీ ప్రకారం రోజూ మాత్ర సగం చేసి, పావు చేసి ఇచ్చే పని నేను పెట్టుకున్నాను. అదే సమయంలో కేసు వేద్దామని కూడా నేనే పట్టుబట్టాను. దుకాణం మూయిస్తే వాడ బాగుపడుతుందన్నాను. అది నిజమే. అయితే దుకాణదారు తప్పు ఎంత పెద్దదని తేలితే నాది అంత చిన్నదవుతుందని కూడా లోపల ఎక్కడో ఉంది. ఫిర్యాదు నేనే రాశాను. పొడి తిన్నది, పడిపోయింది అని రాశాను. నడుమ జరిగింది రాయలేదు.

వినియోగదారుల ఫోరం కరీంనగర్‌లో ఉంది. రెండు వాయిదాల తర్వాత విచారణ రోజు వచ్చింది. ఆయమ్మ, ఆమె భర్త, నేను పొద్దుటి బస్సులో వెళ్లాం. ఆమె సర్వపిండి చేసి, అది కూడా కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. ఫోరం గదిలో ఫ్యాను కింద బెంచీ మీద కూర్చున్నాం. ఎదుటి బెంచీలో దుకాణదారు, అతని వకీలు.

వకీలు నెమ్మదస్తుడే. గొంతు పెంచకుండా అడిగాడు.

"అమ్మా, పొడి తిన్న రెండేండ్లు నడిచినవు, పని చేసుకున్నవు. నిజమేనా?"

"నిజమే సార్."

"ఆపిన అయిదు రోజులకు పడిపోయినవు."

"ఔ."

"మరి ఆపుమని మా దుకాణపాయన చెప్పలేదు గదా. ఎవరు చెప్పిండ్రు? చెప్పినోళ్లెవరో వాళ్లే దీనికి బాధ్యులు."

ఆమె నా వైపు చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు.

"ఎవలు చెప్పలె. నేనే ఆపిన."

అప్పుడు ఫోరం అధ్యక్షుడు కాగితాలు తిరగేస్తూ, "పొడిలో ఏముందో రిపోర్టు ఉంది. ఆ పొడి ఈ దుకాణంలోనే కొన్నట్టు రసీదు లేదు. మీరు కొంటుంటే చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఉన్నారు. నేను ఉన్నాను. ఆమె కొంటుంటే భుజం పక్కన నిలబడి రసీదు అడిగి, నవ్వులపాలై వచ్చినవాణ్ని నేను. లేచి నిలబడి ఆ ఒక్క మాట చెప్తే చాలు. చెప్తే వకీలు తర్వాతి ప్రశ్న ఏమిటో కూడా తెలుసు. మందు ఆపమన్నది మీరేనా, మీరు డాక్టరా, డాక్టరమ్మ పేరు మీద వచ్చిన కవరు చింపింది ఎవరు. నౌకరీ కళ్లముందు తిరిగింది. కోరుట్లలో ఇద్దరు పిల్లల చదువు, అమ్మ మందులు, అన్నీ తిరిగాయి. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. అధ్యక్షుడు పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. ఎంతసేపో నాకు తెలియదు, నాకైతే చాలాసేపు.

"లేరు సార్" అంది ఆయమ్మ.

కొన్నట్టు రుజువు లేదని కేసు కొట్టేశారు. ఫోరం వాళ్ల తప్పు ఏమీ లేదు, వాళ్ల ముందున్న కాగితాలు చూసి రాశారు.

తిరుగు బస్సులో ఆమె భర్త వెనక సీటులో నిద్రపోయాడు. కొంత దూరం పోయాక ఆయమ్మ పొట్లం కొస లాగి, సర్వపిండి నా ముందు పెట్టింది. "పొద్దట్నుంచి ఏం తినలె నువ్వు" అంది. దాన్ని చేతిలోనే పట్టుకున్నాను.

"ఎందుకట్ల చెప్పినవక్కా?" అన్నాను.

"మరేం జెప్పాలె? నీ నౌకరి పోతె గీ దవాఖానల ఎవలుంటరు? ఇంకొకలు రానే రారు. నువ్వేమన్న చెడు కోరి చెప్పినవా సారూ." తర్వాత అదే గొంతుతో, కోపం లేకుండా, "కని నువ్వు లేస్తవనుకున్న" అంది.



దసరా వెళ్లాక ఆమె భర్త ఆమెను తనతో భీవండికి తీసుకుపోయాడు. పోయే రోజు దవాఖానకు వచ్చి, నాలుగైదు వందల కాగితాలు సమంగా చింపి కట్టగట్టి బల్ల మీద పెట్టింది. "మడవనీకె రాదు నీకు, చింపుడన్న తప్పుతది" అని నవ్వింది. అదే నేను ఆమెను చూడటం ఆఖరు. ఆ కాగితాలు వాడటానికి నాకు చేతులు రాలేదు. చాలాకాలం ప్లాస్టిక్ కవర్లలోనే చూర్ణం ఇచ్చాను.

డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చాక అంతా చెప్పేశాను. ఆమె "ఆ కవరు మీద నా పేరుంది కదా" అని మాత్రం అంది. పై అధికారులకు రాయలేదు. రాసి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో. తర్వాత ఆమే వాడలో ఒక్కొక్కరినీ పిలిచి, బతిమాలి, పెద్ద దవాఖానకు పంపి, మెల్లమెల్లగా ఆ పొడి మాన్పించింది. కేసు కొట్టేశారని గొప్పలు చెప్పుకున్న దుకాణదారు కొన్నేళ్లకు గిరాకీ లేక తనే మూసుకున్నాడు. వినియోగదారుల సంఘంలో నేను ఆ తర్వాత కూడా తిరిగాను, కేసులు గెలిచాను, దండలు వేయించుకున్నాను. ప్రతి దండ మెడలో పడ్డప్పుడూ ఆ బెంచీ గుర్తొచ్చేది.

నా పదవీ విరమణకు నెల ముందు, భీవండి నుంచి వచ్చిన ఒక నేత కార్మికుడు దవాఖాన వెతుక్కుంటూ వచ్చాడు. జేబులోంచి ఒక చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. మూడు మడతలు, అంచులు లోపలికి, ఒక కొస బయటికి. ఎవరు పంపారని నేను అడగలేదు.

"ఆయమ్మ ఇచ్చింది సార్. ఆడ ఎవలో నడుం నొప్పికి ఇచ్చిండ్రట, నెల సంది మింగుతున్నదట. గిందుల ఏమున్నదో సార్‌ను అడుగుమన్నది. బందు జెయ్యాలంటె ఒక్కపారే జెయ్యాల్నా, మెల్లగ జెయ్యాల్నా, గది గూడ అడిగి రమ్మన్నది."

కొస లాగాను. లోపల నాలుగు తెల్ల మాత్రలు, పేరు లేనివి. ఎదురుగా మనిషి ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చాను. నేను చేసిందంతా తెలిసి, ఆ బస్సులో ఆ మాట అని, ఇన్నేళ్ల తర్వాత ఆమె మందు గురించి అడగడానికి మళ్లీ నా దగ్గరికే పంపింది.

అతన్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, చాలా రోజుల తర్వాత ఆమెకు ఉత్తరం రాశాను. ఇవి ఏం మాత్రలో నాకు తెలియదక్కా అని రాశాను. నా సర్వీసంతటిలో తెలియదు అని కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి. తెలిసేదాకా నీ అంతట నువ్వు ఆపకు, మిగిలిన మాత్రలు పట్టుకుని అక్కడి పెద్ద దవాఖానకు పో, పాత పొడి సంగతీ చెప్పు, లోపల ఏముందో అడుగు, ఎట్లా మానాలో కూడా వాళ్లనే అడుగు అని రాశాను. ఆ తర్వాత పెన్ను ఆగింది. కాసేపటికి మిగతాదీ రాశాను. ఆ రోజు పొడి ఒక్కసారే పారబోయమన్నది నేనే, కరీంనగర్‌లో లేవాల్సింది నేనే, నువ్వు పడిపోవడంలో మీ ఆయన తప్పు లేదు అని రాశాను.

ఆమెకు చదవడం రాదు. ఆ ఉత్తరం ఆయనే చదివి వినిపించాలి. అందుకే రాశాను.

ఆమె చింపి ఇచ్చిన కట్టలోంచి ఒక కాగితం తీసి, ఉత్తరాన్ని అందులో పెట్టి ఆమెలాగే మడవబోయాను. మడతలు వంకరగా వచ్చాయి. కొస మాత్రం బయటికే ఉంచాను.